రాజు చెంప మీది గీత

మార్కాపురంలో నాణేలు చూసే షరాబు తాత పోయాడు. ఈ కబురు నాకు పొదిలిలో తెలిసింది. పలకల బండి తోలుకొచ్చిన మనిషి మా వేరుశనగ మండీ ముందు ఎద్దులను విప్పుతూ, ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పాడు.

"మన షరాబు ముసలాయన పోయినాడబ్బా. మొన్న పొద్దున లేసి, అరుగు మీదికొచ్చి కూర్చున్యాడంట. ఇంక లేవలా."

నేను లోపల బస్తాలకు గుర్తులు వేస్తున్నాను. రంగు కుంచె చేతిలోనే ఉండిపోయింది. 

పోయినవారిని తలచుకుని నాలుగు మంచి ముక్కలు రాయడం మర్యాద. ఆ మర్యాదతో నాకు సరిపోదు. ఆయన్ను గురించి నేను ఇదివరకే ఒకసారి రాశాను. దాని కింద నా పేరు పెట్టుకోలేదు. చదువరులారా, మీలో కొందరు దాన్ని చదివే ఉంటారు, నలుగురికి చదివి వినిపించి కూడా ఉంటారు. అందుకే ఈ మాటలు కూడా మీరే చదవాలి.

మార్కాపురం బజారులో నేను గుమాస్తాగా ఉన్న పలకల కొట్టు అరుగు మీదే ఆయన కూర్చునేది. సంత రోజున ఎద్దులు అమ్మినవాడు, కొన్నవాడు కలిసి వచ్చి రూపాయలు ఆయన ముందు పోసేవారు. ఆయన దగ్గర ఉన్నవల్లా చదును చేయని పలకరాయి ముక్క ఒకటి, నల్లదారం కట్టిన భూతద్దం ఒకటి. మిగతా పని ఎండది. రాయి మీద రూపాయిని వదిలి మోత వినేవాడు. తరువాత అంచులు పట్టుకుని ఎండకు అటూ ఇటూ వాల్చేవాడు. రాజు ముఖం మీద మాత్రం తన వేలు గానీ ఒకరి వేలు గానీ పడనిచ్చేవాడు కాదు.

నోట్లో ఆకూ వక్కా ఉండగా నాణెం ముట్టడు. "నమిలేటప్పుడు చెవి పని చెయ్యదు నాయనా" అనేవాడు. ఎవరైనా మరీ తొందరపెడితే, మెల్లగా సంచి విప్పి ఆకు తీసి నోట్లో పెట్టుకునేవాడు. ఆ నమలడం అయ్యేదాకా ఇక పని లేదని దానర్థం. కోపం చూపడానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. నాకు అటువంటి దారి ఒక్కటీ తెలియదు. నా కోపమంతా నోటి వెంట పోతుంది, లేకపోతే కలం వెంట పోతుంది.

ఒకసారి ఎద్దుల బేరగాడొకడు, ఆయన ఒకే రూపాయిని చాలాసేపు చూడడం ఓర్చుకోలేక, "ఏం తాతా, రాజుకు జరమొచ్చిందా, అట్ల నాడి పట్టుకోని కూర్చున్యావు?" అన్నాడు.

"జరం కాదప్పా. ముసలితనం. ఈ రాజు పుట్టడమే ముసలోడై పుట్టినాడు."

బేరగాడు నవ్వుకుని పోయాడు. నాకు ఆ మాట అర్థం కాలేదు. అదేమిటని అడిగితే తాత రెండు రూపాయలు తీసి పక్కపక్కన పెట్టాడు.

"రెండూ మసకే గదా? ఇది చూడు. చేతుల్లో అరిగింది. యాడ ఎత్తుగా ఉందో ఆడనే పోయింది. చెవి, గడ్డం, కిరీటం మీద పూసలు. పల్లంలో ఉన్నది అట్లనే ఉంది. ఇంక దీన్ని చూడు. ఎవురూ ముట్టనట్టే ఉంది, మెరుపు గూడా పోలా. అయినా అక్షరాలు చూడు, ఎండలో పెట్టిన బెల్లం మాదిరి జారిపోయినాయి. ఇక్కడ అరిగింది నాణెం కాదబ్బాయ్. అచ్చు."

టంకశాలలో ఉక్కు అచ్చులు రెండుంటాయనీ, మధ్యలో వెండి బిళ్ళ పెట్టి వాటితో అదుముతారనీ, వేలకు వేలు కొట్టాక ఆ ఉక్కు కూడా అలిసిపోతుందనీ ఆయనే చెప్పాడు. అలిసిన అచ్చులో పడిన వెండి అంచుల వైపుకు పారుతుందట. భూతద్దంలో చూశాను. అక్షరాల చుట్టూ సన్నని గీతలు, వాన వెలిశాక ఇసుక మీద నీరు జారిన గుర్తుల్లా ఉన్నాయి. ఇంకా అలిస్తే అచ్చు పగులుతుంది. ఆ పగులులోకి వెండి దూరి, నాణెం మీద గీతగా పైకి లేస్తుంది.

"గీత గోటికి అడ్డం తగిలిందనుకో, అది టంకశాలలో పుట్టింది. గోరు లోపలికి దిగిందనుకో, బయట ఎవుడో గీకినాడు. నా చదువు ఇంతే."

దొంగ రూపాయికీ అచ్చు అరిగిన రూపాయికీ తేడా తెలియక బజారంతా తికమకపడేది. రెండూ మసకగానే ఉంటాయి మరి. దొంగ రూపాయి పోత పోసింది. దాని మీద సూదితో గుచ్చినట్టు గుంటలుంటాయి. పట్టుకుంటే సబ్బులా జారుతుంది. అంచు వెంట అతుకు కనబడుతుంది. ఇవన్నీ ఆయన కర్నూలులో, చిన్న వయసులో, ఖజానాకు నాణేలు చూసే ఒక పెద్దమనిషి దగ్గర నేర్చుకున్నాడట.

ఆయన ఇంట్లో ఒక పీట ఉండేది. పలకలకు చట్రాలు బిగించే వడ్రంగి చేత గుండ్రని గుంటలు తొలిపించి చేయించుకున్నాడు. ఒక్కో గుంటలో ఒక్కో తప్పు నాణెం. కుంపిణీ కాలం నాటి రాగి బిళ్ళ ఒకటి, అచ్చు కింద సరిగా కూర్చోక, సగం బొమ్మ పడి సగం ఖాళీగా మిగిలింది. మరొక దానికి ఒకవైపు రాణి తల, రెండోవైపు అదే తల, కాకపోతే లోపలికి అణిగి అటు తిరిగి ఉంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే, దాని మీదే మరో బిళ్ళ పెట్టి కొట్టేశారన్న మాట. రైలు దారి పని మీద వచ్చిన ఒక దొర ఆ పీట మొత్తానికి బేరమాడాడు. తాత ఇవ్వలేదు. "ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని తెలుసుకునేటివి ఇవి. ఒకటి పోయినా నాకు చదువు పోతుంది" అన్నాడట.

నాకు ఆ పీట చూపిస్తూ ఆయన అన్న మాట ఒకటి ఇప్పటికీ మనసులో ఉంది.

"దొంగ ఇట్లాంటి తప్పు చెయ్యడబ్బాయ్. వానికి బయం ఉంటాది, ఒళ్ళు దగ్గర పెట్టుకోని చేస్తాడు. బయం లేనోడే ఇట్ల తప్పు కొట్టి బజారుకు తోలుతాడు."

నేను ఎగిరి లేచాను. "అంటే సర్కారే గదా తాతా! నేను చెప్పేదీ అదే గదా!"

"నువ్వు మొదలు పెట్టాకు. నేను నాణెం గురించి చెప్తుండా."

ఆ రోజుల్లో నేను చేతికందిన కరపత్రమల్లా చదివేవాణ్ణి. ఎర్రవీ, తెల్లవీ, దేశం కోసమని ఒకటి, కూలీల కోసమని మరొకటి. అవన్నీ కలిసి నా తలలో ఒకే ఒక సంగతి నిలిచింది. ఏ పని చూసినా దాని వెనక పేదవాడి నెత్తురు పీల్చేవాడొకడు ఉండి తీరాలి. వాణ్ణి పట్టుకోవాలి.

తాతకు కూలి రూపాయికి ఒక దమ్మిడీ. అయితే చెల్లదని తేలిన నాణేనికి ఆయన ఏమీ తీసుకోడు. అది ఆయన రివాజు, ఊరంతటికీ తెలుసు. ఒక మధ్యాహ్నం కొట్లో ఖాళీగా కూర్చున్న నాకు అందులో పెద్ద కుట్ర కనిపించింది. ఆ సాయంత్రమే కరపత్రం రాశాను.

"బాగుందంటే దమ్మిడీ! బాగాలేదంటే సున్న! ఇక ఎవడు బాగాలేదంటాడు? ఓ కూలి తల్లీ! నీ చెమటకు చెల్లని బిళ్ళ ముట్టజెప్పి, దానికి చెల్లుబాటు పలికించే ఈ అరుగుల మీది పెద్దలను నమ్మి, కారే కన్నీరు కొంగున తుడుచుకుంటూ ఎన్నాళ్ళు నడుస్తావు?"

కింద "ఒక దేశసేవకుడు" అని పెట్టాను. ఆ చివరి వాక్యం నాకు ఎంతగా నచ్చిందంటే, అచ్చాఫీసుకు పోతూ దారి పొడుగునా దాన్ని పైకి చదువుకున్నాను. చెల్లని నాణేనికి కూలి ఎందుకు తీసుకోడో, అడుగు దూరంలో కూర్చున్న ఆ మనిషిని అడుగుదామని మాత్రం తోచలేదు.

కాగితాలు పంచి నెల తిరగలేదు. కొనకనమిట్ల వైపు పల్లె నుంచి మరియమ్మక్క సంతకు వచ్చింది. చేలల్లో కూలికి పోయే మనిషి. వేరుశనగ పీకిన కూలి కింద రైతు ఇచ్చిన రూపాయి తీసుకుని బట్టల దుకాణంలో రవికె గుడ్డ అడిగింది. దుకాణదారు రూపాయిని చూసి కేక పెట్టాడు. అప్పటికే పోత రూపాయలు వస్తున్నాయని బజారులో గుసగుసగా ఉంది. ఆ రూపాయి మీద అక్షరాలు జారి ఉన్నాయి. కిరీటం మొదలు నుంచి చెంప మీదుగా గడ్డం దాకా ఒక గీత ఉంది. పోలీసు జవాను వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"యాడిదే ఇది? ఎవురిచ్చినారు?"

"మా రైతు ఇచ్చినాడయ్యా. నేనేం జేసుకున్యానా?"

రైతు ఆ మర్నాడు, తాను ఇచ్చింది ఆ రూపాయి కాదన్నాడు.

తాతను పిలిచారు. ఆయన నోట్లో ఆకు ఉమ్మి, పుక్కిలించి, అప్పుడు రూపాయిని తీసుకున్నాడు. మోత విన్నాడు. ఎండకు వాల్చాడు. గీత మీద గోరు పెట్టి లాగాడు. "బాగుండాది. అచ్చు ముసలిది, పగిలింది. ఆయమ్మను వదిలిపెట్టండి" అన్నాడు. ఎవరూ వదిలిపెట్టలేదు. వ్యవహారం కచేరీకి పోయింది.

కచేరీలో విచారణ రోజున తాత పీటను గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆయన్ను ఎవరూ సాక్షిగా పిలవలేదు. తానే చెబుతానని నిలబడ్డాడు. మరియమ్మక్క ఒక మూల నిలబడి ఉంది. జామీను పడే మనిషి దొరకక అప్పటికే వారం రోజులుగా లోపల ఉంది.

సర్కారు వకీలు మెత్తగానే మొదలుపెట్టాడు. "నాణెం బాగుందంటేనే నీకు కూలి అట కదా?"

"అవునయ్యా."

"బాగాలేదంటే?"

"తీసుకోను."

వకీలు జేబులో నుంచి కాగితం తీశాడు. నా కాగితం. పెద్ద గొంతుతో చదివాడు. "బాగుందంటే దమ్మిడీ! బాగాలేదంటే సున్న! ఇక ఎవడు బాగాలేదంటాడు?" నేను రాసినదానికన్నా బాగా చదివాడు. జనం నవ్వారు.

"ఈ రూపాయి బాగుందనడానికి నీకు ఎవరిస్తున్నారయ్యా దమ్మిడీ?"

 తాత పీట విప్పి అందులో నుంచి ఒక రూపాయి తీశాడు. "అయ్యా, ఇది గూడా ఆ అచ్చు బిడ్డే. శానా ఏండ్ల నాడు నా చేతికొచ్చింది. అప్పటికి పగులు కిరీటం కాడనే ఉంది, చెంప మీదికి దిగలా. ఇది ముందు పుట్టింది, ఆయమ్మది వెనక పుట్టింది. దొంగోని పోతలో పగులు ఇట్ల పెరగదు. ఉక్కు అచ్చులోనే పెరుగుతాది. అద్దంలో చూడండి."

ఎవరూ అద్దం అందుకోలేదు. వకీలు మెల్లగా అన్నాడు: "అంటే ఆ దొంగ రూపాయికి జోడు నీ ఇంట్లోనే ఉందన్న మాట."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది నవ్వుకన్నా అన్యాయంగా ఉంది.

నేను కిటికీ పక్కన నిలబడి ఉన్నాను. ఆ కాగితం రాసింది నేను, ఆయన్ను ఒక్క మాటైనా అడగకుండా రాశాను అని అంటే చాలు. అరుగులెక్కి గంటసేపు ఉపన్యాసం చెప్పగలవాణ్ణి. ఆ ఒక్క మాట నేను అనలేదు. నన్నూ లోపల వేస్తారేమోనని భయపడ్డానని అనుకోకండి. అది కాదు. నలుగురిలో తప్పుడు రాత రాసినవాడిగా నిలబడడం నాకు చేతకాలేదు. సర్కారుకు భయపడనివాణ్ణి సిగ్గుకు భయపడ్డాను.

రెండు రూపాయలూ పరీక్షకు పైకి పంపారు. మరియమ్మక్కను మళ్ళీ లోపలికి తీసుకుపోయారు.

మర్నాడు అరుగు మీద నుంచి తాత నన్ను పిలిచాడు. "అబ్బాయ్, ఇట్రా. కండ్లు మంచియి నీయి. ఇది చూడు."

ఆయన ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆ కరపత్రం. రెండోది మా గ్రంథాలయం సభకు రమ్మని నేను నా పేరుతో వేయించిన పిలుపు కాగితం. భూతద్దం నా చేతికిచ్చాడు.

"ఈ 'ప' చూడు. తలకట్టు విరిగింది. ఆ కాగితంలోనూ ఆడనే విరిగింది. దీంట్లో కొంచెం విరిగింది, దాంట్లో ఇంకొంచెం విరిగింది. ఒకే అచ్చు బిడ్డలు."

 "ఆ అచ్చాఫీసులో ఎంతమందో వేయించుకుంటారు తాతా" అన్నాను.

"అవును" అన్నాడు. "అది గూడా నిజమే. ఒకే అచ్చులో పుట్టినంత మాత్రాన ఒకే చేతిలో నుంచి వచ్చినాయని చెప్పే దానికి లేదు. అందుకే నిన్ను అడగలా. చూపించినా, అంతే."

కాగితాలు మడిచి జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు. నిన్న కచేరీలో తనకు దక్కని న్యాయం అది. నాకు ఇచ్చాడు. నేను తీసుకుని ఊరుకున్నాను.

పైనుంచి జవాబు వచ్చేసరికి చేలల్లో కోతలు మొదలై ముగిశాయి. రెండూ మంచి రూపాయలేనని తేలింది. మరియమ్మక్కను వదిలిపెట్టారు. ఆ పంట కూలి ఆమెకు పోయింది. తాత రూపాయి మాత్రం రెండు ముక్కలై వచ్చింది. లోపల ఏముందో చూడడానికి నరికారట. ఆయన ముక్కలు రెండూ దాని గుంటలోనే పక్కపక్కన పెట్టాడు. "లోపల గూడా వెండే. ఇప్పటికి తెలిసింది వాండ్లకు" అన్నాడు. 

అప్పటికే సంతలో ఆయన దగ్గరికి వచ్చేవారు తగ్గిపోయారు. పైవారు మంచిదన్నాక కూడా మళ్ళీ రాలేదు. బజారు కరపత్రాన్ని గుర్తుపెట్టుకుంది గానీ జవాబును గుర్తుపెట్టుకోలేదు. ఆయన రోజూ వచ్చి కూర్చునేవాడు. ఆ ఖాళీ అరుగును రోజంతా చూస్తూ కూర్చోలేక, ఏదో వంక చెప్పి పొదిలిలో పని చూసుకున్నాను. ఎప్పుడో ఒకరోజు వెళ్ళి చెప్పేద్దామని అనుకుంటూ వచ్చాను. ఆ రోజుకన్నా ముందే బండి మనిషి వచ్చాడు.

చిన్నదినానికి అందుకున్నాను. ఇంటి ముందు చుట్టాలు కొందరు ఉన్నారు. వారికి దూరంగా, వాకిలి బయట, మరియమ్మక్క నిలబడి ఉంది. అదే బండి మనిషి దారిలో కొనకనమిట్లలోనూ చెప్పాడట. తెల్లవారకముందే బయలుదేరి నడిచి వచ్చింది. విడుదలయ్యాక ఆమె కూలికి రూపాయి తీసుకోవడం మానేసిందని నాకు అప్పుడే తెలిసింది. ఎవరి చేలో పనిచేసినా గింజలే పెట్టమంటుందట.

తాత భార్యను, మా అందరికీ అవ్వ ఆమె, పలకరించాను. ఆమె లోపలికి పోయి రెండు కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "పీట కింద దాచుకున్యాడు అబ్బయా. ఏందో చూడు, పారెయ్యాల్నా, ఉంచాల్నా?"

వాకిలి బయట నుంచి మరియమ్మక్క అడిగింది: "ఏం కాగితాలయ్యా అవి?"

నేను బయటికి వెళ్ళి ఆమె ఎదుట నిలబడ్డాను. "కచేరీలో చదివినారు గదక్కా. అది. రాసింది నేనే."

అనేశాను. ఇంత చిన్న మాట. అవ్వ గడప దాటి వచ్చింది. మరియమ్మక్క నన్ను ఎగాదిగా చూసింది.

"చదువు. ఆ పొద్దు నాకు సరిగ్గా వినపడలా."

చదివాను. "బాగాలేదంటే సున్న" అన్న చోట అవ్వ ఆపింది.

"ఎందుకు తీసుకోడో అడిగినావా నువ్వు? చెల్లని రూపాయి తెచ్చినోనికి అప్పటికే రూపాయి పోయింది. ఇంక వాని చేతిలో నుంచి దమ్మిడీ ఎట్ల గుంజుకునేది అనేటోడు. నన్ను అడిగినా చెప్తును గదయ్యా."

ఆమె మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. మిగతాది చదివాను. నాకు ఒకప్పుడు అంత నచ్చిన ఆ చివరి వాక్యం, కన్నీరు కొంగున తుడుచుకునే కూలి తల్లి వాక్యం, ఎలా పలికానో నాకే తెలియదు. మరియమ్మక్క మొత్తం విన్నది.

"ఆ ఏడ్చే ఆడమనిషి ఎవురయ్యా?"

"ఎవరూ కాదక్కా. ఊరికే రాసినా."

"నేను ఏడవలా" అంది. "జవాను చెయ్యి పట్టుకున్నప్పుడూ ఏడవలా, లోపల పెట్టినప్పుడూ ఏడవలా. నాకోసరం వచ్చిన ముసలాయన్ను నిలబెట్టి నవ్వినారు చూడు, అప్పుడు వచ్చినాయి కండ్లనీళ్ళు. అదొక్కటి రాసినావా దీంట్లో?"

"లేదక్కా."

"ఇటియ్యి దాన్ని."

"వద్దక్కా, దాంట్లో ఉన్నదంతా తప్పే."

"తప్పయితేనేం? నన్ను లోపల పెట్టిన కాగితం. నా దగ్గర ఉండనీ."

ఇచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, అందరూ రూపాయిని ముడి వేసుకునే కొంగు చెరగులో ముడి వేసుకుంది. అవ్వకు చేతులు జోడించింది. నా వైపు మళ్ళీ చూడలేదు. ఊరి బయట, విరిగిన పలకరాళ్ళు గుట్టలుగా పోసిన దారిలో, కొనకనమిట్ల వైపు నడిచిపోయింది. ఎండ రాళ్ళ మీద పడి దారంతా నల్లగా మెరుస్తోంది. కొంత దూరం పోయి ఆగి, ముడి గట్టిగా ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుని, మళ్ళీ నడిచింది.